సన్న పళ్ళ రంపం

“ఛీ! ఏందిరా ఇది? ఎండిన టేకుకు ఎవడన్నా ఈ రంపం తెస్తాడా?”

నరేష్ తెచ్చిన రంపాన్ని చూసి కాటమరాజు చేదు మింగినట్టు మొహం పెట్టాడు. గిద్దలూరు చుట్టుపక్కల తలుపులకూ కిటికీలకూ కాటమరాజు పెట్టింది పేరు. గుడి మండపంలోని ఈ టేకు పెట్టె కూడా పోయినేడు అతను చేసిందే. ఇప్పుడు దాని పైపలకను కోయాలి. కోసేది మాత్రం ట్రాక్టరు తోలుకునే నరేష్! ఇంతకన్నా ఘోరం ఉంటుందా?

“పెద్ద పళ్ళది పచ్చికొమ్మలకురా. దీనికి పెడితే పలక పెచ్చులు లేస్తాది. సన్న పళ్ళది మా ఇంట్లో సంచిలో ఉంటాది. పో, తీసుకురా.”

నరేష్ వెళ్ళి తెచ్చాడు. పలక అంచున పెట్టి ఒక్క తోపు తోశాడు. రంపం ఎగిరి పక్కకు జారింది.

“థూ! ఏం కోత రా అది? ముందు వెనక్కి లాగు. మెల్లిగా. గాడి పడినాక తోయి. నొక్కొద్దు, దాని పళ్ళే కోసుకుంటాయి.”

గుడి పెద్ద పుల్లారావు స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. ఆయన మొహంలోనూ వెగటే. పెట్టె చేయించింది ఆయనే మరి.

ఆయన అక్క సుబ్బులమ్మ ఊరుకోలేదు. “నీ పనితనం గురించి కనిగిరి దాకా గొప్పలు చెప్పినాం గదరా! నీ మొహం చూడబుద్ధి కావడంలేదు.”

కాటమరాజు తల తిప్పలేదు. పంచప్రాణాలూ ఆ రంపం మీదే ఉన్నాయి. పలక మందం అంగుళమే. అది దాటి రంపం లోపలికి దిగిందా, కొంప మునిగినట్టే.

“లోతుకు పోవద్దురా నాయనా! పైపలక వరకే!” అన్నాడు. నుదుటి చెమట పలక మీద పడుతోంది.

నరేష్‌కు ఒళ్ళు మండింది. “అంత తెలిసినోడివి, నువ్వే కోసుకోరాదా మామా?”

చుట్టూ ఉన్న జనం ఫక్కున నవ్వారు.

ఇంకో నాలుగు తోపులకు పలక ఫట్‌మని చీలి, హుండీలో ఇరుక్కుపోయిన కాటమరాజు కుడిచెయ్యి, గుప్పెట్లో ఎవరో అమ్మవారికి మొక్కుగా వేసిన ముక్కుపుడకతో సహా బయటికి వచ్చింది.