పది నంబరు బోల్టు

"కారు దగ్గర ఎవరూ నిలబడకూడదండీ. నా షెడ్డు పద్ధతి అది. రోడ్డవతల బల్ల ఉంది, టీ తాగుతూ కూర్చోండి. అయ్యాక పిలుస్తాను," అన్నాడు కాలేషా.

"నేను కదలను," అన్నాడు అచ్యుతరావు.

కారుకు పద్నాలుగేళ్ళు. చల్లగా ఉన్నంతసేపూ బాగానే నడుస్తుంది. ఇంజను వేడెక్కితే చాలు, ఉన్నచోటే ఆగిపోతుంది. పోయింది బొటనవేలంత సెన్సరు. కానీ అది ఇంజను వెనకాల, చెయ్యి దూరని సందులో ఉంది. ఎవరినడిగినా ఇంజను దించాలంటారు, రెండు రోజులంటారు. దించకుండా గంటన్నరలో మార్చేవాడు బందరు కాలేషా ఒక్కడే. కారు చుట్టూ టార్పాలిన్ పరదా దించుకుని మరీ మారుస్తాడు. లోపల ఏం చేస్తాడో ఇంతవరకు ఎవరూ చూడలేదు. అతని ఇంటికి అన్నం పెట్టేది ఆ పరదాయే.

ఆ పరదా మాత్రం దించనివ్వకూడదని గుడివాడలో బయల్దేరేటప్పుడే అచ్యుతరావు నిశ్చయించుకున్నాడు. మడత నలగని తెల్లచొక్కా. పొద్దున్నే నిమ్మచెక్కతో రుద్దుకున్న చేతులు. ఆ చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు.

"పరదా ఎందుకు? పాతదే తుడిచి మళ్ళీ పెట్టడానికా?"

కాలేషా మొహం ఎర్రబడింది. "ఏం వ్యాపారమండీ మీది?"

"రోల్డుగోల్డు."

"అదీ సంగతి! పొద్దస్తమానం నకిలీ సరుకు చూసేవాళ్ళకి మనుషులు కూడా అలాగే కనిపిస్తారు."

"అందుకే నన్ను ముంచడం కష్టం."

అచ్యుతరావు లెక్క ఒక్కటే. మంచిగా అడిగితే ఈ మనిషి పరదా దించుతాడు. దొంగ అంటేనే ఎత్తుతాడు. అందుకే రోడ్డు వైపు తిరిగి గొంతు పెంచాడు.

"చూడండయ్యా! బందరులో రిపేరంటే చాటుగా చేస్తారట. లోపల ఏ సామాను మారిపోతుందో!"

ఆటోవాళ్ళు తలలు తిప్పారు. ఒకడు నవ్వాడు కూడా. ఇరవై ఏళ్ళలో ఆ షెడ్డు ముందు అలాంటి నవ్వు వినపడలేదు. కాలేషా టార్పాలిన్ పీకి మూలకు విసిరికొట్టాడు.

"రండి. కళ్ళు పత్తికాయల్లా చేసుకుని చూడండి."

అతను బానెట్ ముట్టుకోనే లేదు. కుడివైపు ముందు చక్రం ఊడదీసి, దాని వెనకున్న ప్లాస్టిక్ పలక మరలు విప్పడం మొదలుపెట్టాడు. అచ్యుతరావు జేబులోంచి కాగితం తీశాడు.

"ఎన్ని మరలు?"

"ఏడు."

"ఏడూ తిరిగి పడాలి. ఏది ముందు విప్పావో కూడా రాస్తున్నా."

"మా తాత పేరు కూడా రాసుకోండి."

"ఆ వంకర స్పానరేంటి? విరిగినదానితో కారు ముట్టుకుంటావా?"

"విరగలేదండీ. నేనే సగానికి కోసి, కాల్చి వంచాను. ఇది లేకపోతే ఆ పది నంబరు బోల్టు అందదు."

"ఏదీ, ఇలా ఇవ్వు." అచ్యుతరావు స్పానరు లాక్కుని, కాగితం మీద పెట్టి, చుట్టూ గీత గీసుకున్నాడు. "లోపల మర్చిపోయావనుకో, రేపు ఆనవాలు ఉండాలిగా."

ఫోన్ మోగింది. భార్య శేషమ్మ. "వాళ్ళు మళ్ళీ చేశారు. ఏం చెప్పమంటారు?"

"రేపు సాయంత్రానికని చెప్పు," అని పెట్టేశాడు.

కాలేషా సెన్సరు తీగకు దారం కడుతున్నాడు.

"అదెందుకు?"

"పాత తీగ బయటికొస్తుంటే దారం దాని దారిలోకి వెళ్తుంది. కొత్త తీగకు కట్టి వెనక్కి లాగితే అదే దారిలో లోపలికి వెళ్తుంది. చాలా, ఇంకా చెప్పాలా?"

"లాగవేం మరి? చేతకాదా?"

"అలాగే లాగితే సెన్సరు విరిగి ముక్క లోపల పడుతుంది! ముందు అరచుట్టు తిప్పాలి." కాలేషా పళ్ళు కొరికాడు. "ముందద్దం దగ్గర మోపిదేవి స్వామి బొమ్మ పెట్టుకున్నారు కదా. కాస్త కోపం తగ్గించమని మొక్కుకోండి సారూ."

"బొమ్మ జోలి నీకెందుకు? బోల్టు చూడు."

గంటన్నర కూడా పట్టలేదు. ఇంజను అరగంట వేడెక్కినా ఆగలేదు. కాలేషా పాత సెన్సరును అచ్యుతరావు కాళ్ళ దగ్గరకు విసిరాడు.

"తీసుకోండి మీ సొత్తు. మళ్ళీ నా షెడ్డు గడప తొక్కకండి."

"తొక్కే అవసరం రాదులే."

అంత నోరు చేసుకున్న మనిషి అడిగిన డబ్బు బేరం ఆడకుండా ఇచ్చాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, గుండీ కూడా పెట్టుకున్నాడు.

గుడివాడలో తన మెకానిక్ షెడ్డు ముందు కారాపి, తెల్లచొక్కా మేకుకు తగిలించి, మసి పట్టిన ఖాకీ చొక్కా తొడుక్కుని, పది రోజులుగా రిపేరుకు పడివున్న అదే మోడలు ఇంకో కారు ముందు చక్రం దగ్గర చతికిలబడి, అచ్యుతరావు ఆ కాగితం శేషమ్మ చేతికిచ్చాడు: "ఒకటో నంబరు నుంచి చదువు."