పెళ్లికాని పోస్టు

“పెళ్లయిందా?” అడిగాడు చైర్మన్.

“కాలేదండీ,” అంది ఎదురుగా కూర్చున్న అభ్యర్థిని.

దేశానికి కొత్తగా స్వాతంత్ర్యం వచ్చింది. దాని వెనకాలే, అడ్రసు కనుక్కుంటూ నిబంధనలూ వచ్చాయి. వాటిలో అంతా బంధనాలే, ‘ని’ పేరుకే. వంతెనల శాఖలో పెళ్లయిన ఆడవాళ్లకు ఉద్యోగం లేదన్నది అందులో ఒకటి. పెళ్లయితే లెక్కలు మర్చిపోతారని సర్కారు లెక్క.

ఈమె ఇంజనీరింగులో కాలేజీకే ఫస్టు. ఆమె గీసిన వంతెనను చైర్మన్ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. చేజారనివ్వడం ఆయనకూ ఇష్టం లేదు.

“ఏమయ్యా, నీ విచారణలో ఏం తేలింది?”

బల్ల చివర పరిశీలనాధికారి ఉలిక్కిపడ్డాడు. పరుల శీలాన్ని తవ్వి తీయడం అతని పని. అదే కాలేజీలో, అదే క్లాసులో అతను ఎప్పుడూ సెకండు.

“అంటే... సార్...”

“నీళ్లు నమలకు, అవీ సర్కారు నీళ్లే. రేపు అబద్ధమని తేలితే ఈ అమ్మాయితో పాటు నీ కుర్చీ కూడా గల్లంతు. అయిందా, కాలేదా?”

అతను ఆమె వైపు చూడలేదు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. ఒక్క మాట చాలు, ఆమె ఒడ్డున పడుతుంది.

“అయింది సార్.”

“రూఢిగా తెలుసా?”

“తెలుసు సార్. మొగుడెవరంటే...”

“మనకనవసరం. మొగుళ్ల మీద నిబంధన లేదు.”

ఆమె వంతెన గీసిన కాగితం చుట్ట చుట్టుకుంది. కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి వెళ్లిపోయింది.

“భేష్. నీలాంటివాళ్లే దేశానికి స్తంభాలు,” అన్నాడు చైర్మన్ నిట్టూరుస్తూ. అప్పటికే స్తంభించిపోయి ఉన్నాడు కాబట్టి అతను కాదనలేకపోయాడు.

ఆఫీసు మూసేశాక వీధులన్నీ తిరిగాడు. కాళ్లు ఇంటివైపు తప్ప అన్ని వైపులకూ వెళ్లాయి. చెప్పాల్సిన మాట ఒక్కటీ దొరకలేదు. దొరికినవన్నీ సాకులే. వీధి దీపాలు వెలిగాక, ఇక తిరగడానికి ఊరు మిగలక, వెళ్లి తలుపు తట్టాడు.

ఇంటర్వ్యూ బట్టలు ఇంకా మార్చుకోని అతని భార్య తలుపు తీసి, “పెళ్లి కాలేదని చెప్పమని నాకు నేర్పింది మీరేగా?” అంది.