మూడో కప్పు

షికాగో, 1984. ఫుడ్ సైన్స్‌లో ఎమ్మెస్ చేసిన ప్రమోద సూపుల కంపెనీ ఇంటర్వ్యూ నుంచి వచ్చి చారు కాచింది.

"జాబ్ వచ్చిందా?" భర్త సూర్యప్రకాశ్ అడిగాడు.

"రాలేదు. మూడు కప్పుల సూపిచ్చి, దేంట్లో ఏముందో చెప్పమన్నారు. మూడోది చాలా బావుంది, అన్నీ కూరగాయలే అన్నాను."

"కాదా?"

"గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లట. పోయినసారి ఇంకోచోట మాంసం ముట్టనంటే జాబ్ ఇవ్వలేదని, ఈసారి ఏమీ అడక్కుండా తాగాను. ఎన్నడూ తిననిదాన్ని, ఎలా గుర్తుపడతాను?"

సూర్యప్రకాశ్ తువ్వాలు తెచ్చి చేతికిచ్చాడు.

"తలస్నానం చేసిరా. పోతుంది."

ప్రమోద తలస్నానం చేసొచ్చి చారన్నం కలుపుకుంది. ముద్ద నోట్లో పెట్టుకుంటే చప్పగా తగిలింది. ఉప్పు, పులుపు, ఇంగువ అన్నీ సరిగానే పడ్డాయి.

ఏం తక్కువైందో నాలుకకు తెలిసిపోయింది.