పదో బండి

“బండి కాటా దిగిపోయింది. నీ పెట్టెల అంకె ఇంకా దిగలే,” అన్నాడు కాటా గుమాస్తా ఆత్మారాం.

బోధన్ దగ్గరి చక్కెర మిల్లు. తూకపు గదిలో గోదావరి తెర వైపు చూసింది. ముందు బండి బరువే ఉంది. కాటా బరువును కంప్యూటర్‌కు అందించే కొత్త కార్డుకు, దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం రాసింది ఆమే. మధ్యాహ్నంలోగా పది బండ్ల చెరుకు బరువు ఆత్మారాం చీటీతో కలవాలి. లేకుంటే కార్డు వెనక్కి. ఆమె మూడు నెలల పని చెత్తలోకి.

ఉన్నట్టుండి కుర్చీ వెనక్కి తోసి లేచింది.

“దొరికింది కాకా! కార్డు బరువును సీదా మెమరీల రాస్తది. ప్రాసెసర్‌ను అడగది. ప్రాసెసరేమో జేబుల పాత నకలు పెట్టుకొని అదే సదువుతున్నది!”

“మెమరీ దిక్కు సూడదా?”

“మారిందని దానికి తెల్వది గద. కార్డు రాసేదాక ఈ జాగ కార్డుది, రాసినంక పాత నకలు పారేసి కొత్తది సదువు అని, కంప్యూటర్‌ను నడిపే కెర్నెల్‌తోని చెప్పియ్యాలె. గా ఒక్క మాట నేను మర్చిపోయిన.”

“నాకు గా తిప్పలే లేదు,” అన్నాడు ఆత్మారాం. “ఎవల ఖాళీ బండి ఎంతో, ఎక్కొచ్చే మనుషులతో సహా నా నోటుబుక్కుల ఉన్నది. నిండు బండిల నుంచి గది తీసేస్తే చెరుకెంతో తేలుతది. గదే చీటీల రాస్త.”

గోదావరి ఒక వరుస చేర్చింది. అంకె టక్కున మారింది. ఆమె చప్పట్లు కొట్టింది. కంప్యూటర్ ప్రతి బండినీ నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచింది. తొమ్మిది బండ్లూ చీటీతో కలిశాయి.

పదోది వెంకటవ్వది. బండి ముందు ఒక పక్కకు ఒదిగి కూర్చుని తానే తోలుకొచ్చింది. రెండు తూకాలకూ దిగలేదు.

తెర మీది చెరుకు చీటీ కంటే అరవై రెండు కిలోలు ఎక్కువ.

“అయిపాయె నీ మిషిను,” అన్నాడు ఆత్మారాం. గుమ్మంలో నిలబడ్డ మిల్లు మేనేజర్ వాచీ చూసుకున్నాడు.

ఖాళీ బండిని మళ్లీ తూచారు. అదే తేడా.

“ఈసారి ఎవల జేబు బిడ్డా?”

గోదావరి ప్రోగ్రాం మొదటి నుంచి చదివింది. తప్పు దొరకలేదు. చెయ్యి చాపింది. “నీ నోటుబుక్కు ఇయ్యి కాకా.”

“సూస్కో. పదేండ్ల సంది ఒక్క అంకె కొట్టేయలే.”

వెంకటవ్వ ఖాళీ బండి బరువు పక్కన చిన్న అక్షరాలున్నాయి: ఆలుమగలిద్దరితో.

గోదావరి కిటికీలోంచి తల బయటపెట్టింది. “అవ్వా, మీ ఆయన రాలేదా?”

“ఆయన సచ్చిపోయి మూడేండ్లాయె బిడ్డా.”