అంబలిలో మాత్ర

“రెండో నెల,” అని టెక్కలి డాక్టరమ్మ అనగానే ప్రమోదిని నవ్వేస్తూ అత్త సింహాచలమ్మ చేయి పట్టేసుకుంది. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు.

“మనవడే! ఊరంతా కొబ్బరుండలు పంచుతాను,” అంది అత్త.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూస్తోంది. “థైరాయిడ్ తగ్గనే లేదు. మాత్ర పరగడుపున వేసుకోవట్లేదా?”

“పరగడుపునా? మా ఆయన కిడ్నీలు పరగడుపు మాత్రలకే పోనాయమ్మా! అందుకే మొదటి కడుపు కాడ్నుంచీ రోజూ నానే నూరి సోడిపిండి అంబలిలో కలిపి ఇత్తన్నాను,” గర్వంగా చెప్పింది అత్త.

“తిండితో కలిస్తే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. ఆ రెండు కడుపులూ అందుకే పోయుండొచ్చు.”

ప్రమోదిని చేతిలోంచి అత్త తన చేయి వెనక్కి లాక్కోబోయింది.

“నానే తీసేసినానేటే, అమ్మీ?”

 ప్రమోదిని ఆ చేయి వదల్లేదు.

“రేపు పొద్దున్న మాత్ర నానే ఏసుకుంతాను అత్తా. అంబలి గంటాగి ఇద్దువు గాని.”