నోటు మీద ఆవిడ

“ఆవిణ్ణి తీసేయాలి మాస్టారూ! సున్నాలకి చోటు చాలడం లేదు” అన్నాడు నోట్లు అచ్చేసే ప్రెస్సు మేనేజరు.

చెక్కుడు మాస్టారి చేతిలో సన్న ఉలి ఆగిపోయింది. ఎదురుగా బల్ల మీద రాగి పలక. దాని మీద పూలబుట్ట పట్టుకుని నవ్వుతున్న పడుచు. పెళ్ళైన కొత్తలో మాస్టారు వాళ్ళావిణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, బొమ్మ గీసుకుని, పలక మీదికి ఎక్కించిన నవ్వది. అప్పట్నుంచీ దేశంలో ప్రతి నోటు మీదా ఆవిడే!

“అన్ని సున్నాలు ఎందుకయ్యా?”

“ఏం చెప్పమంటారు! సర్కారుకి వచ్చేది గోరంత, ఖర్చు కొండంత. ఏటేటా అప్పులు చేశారు. వడ్డీ కట్టడానికి మళ్ళీ అప్పు. ఇప్పుడు ఇచ్చేవాడే లేక, నోట్లు గుద్దిపారేయమంటున్నారు. మనం గుద్దేకొద్దీ ధరలు ఎక్కుతున్నాయి. పొద్దున రొట్టె ధర సాయంత్రానికి ఉండట్లేదు. పాత నోట్లన్నీ వెనక్కి తీసుకుంటారట.”

“బాగుంది వరస! అప్పు చేసింది వాళ్ళూ, పోవాల్సింది మా ఆవిడానా?”

మాస్టారికి ఆ నోటు మొదటిసారి బజారుకొచ్చిన రోజు గుర్తొచ్చింది. ఎంత మంచి రోజులవి! ఒక్క పది నోటుతో నెల సరుకులొచ్చాయి, ఆవిడకి చెప్పుల జత వచ్చింది, ఇంకా బోలెడు చిల్లర మిగిలింది. కొట్టతను నోటునీ ఆవిణ్ణీ మార్చి మార్చి చూసి, “అచ్చం మీ పోలికేనమ్మా!” అంటే, ఆవిడ ఇంటిదాకా తలెత్తలేదు. ఇప్పటికీ మనవరాలు “చిన్నప్పుడు ఎలా ఉండేదానివే నానమ్మా?” అంటే, పర్సులోంచి నోటు తీసి చూపిస్తుంది. ఆవిడ పడుచుతనం ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు మరి.

“ఆవిణ్ణి చెరిపే పని నా వల్ల కాదు. ఇంకెవరినైనా చూసుకో.” మాస్టారు ఉలి కింద పెట్టేశారు.

“ఇంకెవరున్నారండీ? జీతాలు చాలక అందరూ మానేశారు. రిటైరైన మిమ్మల్ని బతిమాలి పిలిపించింది అందుకేగా!”

“అయితే మీ పైవాళ్ళకి చెప్పు. ఆవిడుంటే నేనుంటా.”

మేనేజరు తల పట్టుకుని, ఫోను చేయడానికి పక్క గదిలోకి వెళ్ళాడు. మాస్టారు బింకంగా అనైతే అన్నారు కానీ, పైవాళ్ళు కాదంటే ఇంటికెళ్ళి ఏమని చెప్పాలి? మెత్తటి గుడ్డతో పలక తుడుస్తూ కూర్చున్నారు.

చాలాసేపటికి మేనేజరు తిరిగొచ్చాడు.

“గెలిచారు మాస్టారూ! ఇక అమ్మగారి జోలికి ఎవరూ రారు. ఎన్నాళ్ళైనా ఆ నోటు మీద ఆవిడే ఉంటారు.”

“చల్లని మాట చెప్పావయ్యా!” మాస్టారి కళ్ళు చెమర్చాయి. ఆ కిటికీ, ఆ వెలుగు, ‘ఇంకెంతసేపు కూర్చోవాలండీ’ అన్న ఆ విసుగు, అన్నీ నిన్న మొన్నటివిలా అనిపించాయి. హుషారుగా ఉలి అందుకున్నారు.

“ఊఁ, చెప్పు. ఇంతకీ నోటు మీద ఎంతని చెక్కమన్నారు?”

మేనేజరు గొంతు తగ్గించాడు.

“ఏమీ చెక్కొద్దన్నారు. ఆ చోటు ఖాళీగా వదిలేస్తే, ఏ రోజు అంకె ఆ రోజు పొద్దున్నే రబ్బరు స్టాంపుతో కొట్టుకుంటారట!”