గ్లెన్‌ఫారో నాడి

ఎన్నికల రోజు ఉదయం ఎనిమిదికల్లా, పోలింగు జరిగే స్కూలు గేటు దగ్గర నిలబడింది రేవిన్. ఒంటిమీద ఎర్ర చొక్కా. చేతిలో, ఓటు కాగితం మీద ఏ అభ్యర్థి గడిలో ఏ వరస అంకె వెయ్యాలో చూపించే కరపత్రాలు. ఎదురుగా నీలం చొక్కాలో క్లైవ్, అతని పార్టీ కరపత్రాలతో. ఈ ఇద్దరూ పన్నెండు ఎన్నికలుగా ఇదే గేటుకి చెరో పక్కన నిలబడుతున్నారు. ఒకరినొకరు తిట్టుకునే ఓపిక కూడా ఎప్పుడో అయిపోయింది.

ఈసారి మాత్రం రేవిన్‌కి ఓపిక లేకపోయినా తప్పదు. భర్త నోయెల్‌కి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. మెల్‌బోర్న్‌కి పోను గంటన్నర, రాను గంటన్నర. కారు నడిపేది ఆమే. తమ అభ్యర్థి గెలిస్తే గ్లెన్‌ఫారోలోనే డయాలసిస్ సెంటరు పెట్టిస్తామంది ఎర్ర పార్టీ. నీలం పార్టీ ఆ ఊసే ఎత్తలేదు.

గ్లెన్‌ఫారో నాడి రేవిన్‌కి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పీచ్ తోటలున్నన్నాళ్లూ ఇక్కడ నీలమే. తోటలు కొట్టేసి కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ పెట్టాక కార్మికులొచ్చారు, ఎరుపైంది. ఫ్యాక్టరీ మూతపడి, వాళ్లే ప్లంబింగూ కరెంటు పనులూ సొంతంగా పెట్టుకున్నాక మళ్లీ నీలం. ఇప్పుడు కొత్త కాలనీల నిండా పంజాబీలు, ఫిలిపినోలు, సూడాన్ వాళ్లు. మెల్‌బోర్న్‌లో పనులకి పోయిరావడంతో అందరి బతుకూ సగం రోడ్డు మీదే. వీళ్లు ఎటు వేస్తారో చెప్పమంటే రేవిన్ కూడా తల అడ్డంగా ఊపుతుంది. కిందటిసారి ఎర్ర పార్టీకి సీటు పోయింది రెండొందల ఓట్లతో.

పదింటికి క్లైవ్ తన కరపత్రాలు ఆమె చేతిలో పెట్టి ఓటెయ్యడానికి లోపలికెళ్లాడు. రేవిన్ రెండు పార్టీలవీ పంచింది. అతనివి ఒక్కటి కూడా దాచలేదు. అతను లోపల అమ్ముతున్న సాసేజ్ రొట్టె నములుతూ తిరిగొచ్చి, "లోపల క్యూ లేదు, నువ్వూ వెళ్లిరా" అన్నాడు.

"నా సంగతి తర్వాతలే. ముందు గడ్డం మీద ఆ ఉల్లిపాయ తుడుచుకో."

మధ్యాహ్నం ఒక ప్లంబర్ వ్యానులోంచి తల బయటపెట్టి, ఎంతసేపు పడుతుందని అడిగాడు. పావుగంట అంది రేవిన్. అంత తీరిక లేదు, ఓటెయ్యకపోతే ఇరవై డాలర్ల జరిమానాయే కదా, కట్టేస్తానన్నాడు.

రేవిన్ వెళ్లి వ్యాను కిటికీ పట్టుకుంది.

"నీ ఓటు ఖరీదు ఇరవై డాలర్లా నాయనా? దిగు. ఎవరికేస్తావో నీ ఇష్టం. అన్ని గడులూ నింపు, అంతే."

అతను గొణుక్కుంటూ దిగాడు. వెళ్తూ వెళ్తూ క్లైవ్ చేతిలోంచి కరపత్రం అందుకున్నాడు. క్లైవ్ నవ్వాపుకున్నాడు. రేవిన్‌కి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. కాళ్లు లాగేస్తున్నాయి.

పోస్టులో వచ్చే ఓట్లు లెక్కపెట్టేసరికి రెండు వారాలు పట్టింది. డయాలసిస్ హాల్లో నోయెల్ పక్కన కూర్చుని ఆమె ఫోను చూస్తూ ఉండేది. తమవాళ్లకి నలభై ఓట్ల ఆధిక్యం. మర్నాడు పన్నెండు తక్కువ. ఆ తర్వాత మూడు ఎక్కువ. మళ్లీ మొదటినుంచీ లెక్కపెట్టారు. ఎర్ర పార్టీ ఒక్క ఓటుతో ఓడిపోయింది.

ఆ సాయంత్రం క్లైవ్ కేకు పట్టుకుని వాళ్లింటికొచ్చాడు. గెలిచినవాడి ముఖంలా లేదు అతని ముఖం. కుర్చీలోనే నిద్రపోతున్న నోయెల్‌ని చూసి గొంతు తగ్గించాడు. సెంటరు సంగతి తమవాళ్లతో మాట్లాడతానన్నాడు. వాళ్లు వింటారని అతనికీ నమ్మకం లేదు.

"మనసు కష్టపెట్టుకోకు రేవిన్. నీ ఓటుకీ నా ఓటుకీ చెల్లు. మనిద్దరం ఇంట్లో కూర్చున్నా ఇదే జరిగేది. మీవాళ్లలో ఎవడో బద్ధకస్తుడు మంచం దిగలేదు, అంతే."

రేవిన్ ప్లేట్లు తెచ్చి కేకు కోసింది.

ముప్పై నాలుగేళ్లుగా 'వచ్చే ఏడు మన న్యూజిలాండ్ వెళ్లిపోదాం' అనుకుంటూనే ఆమె గానీ నోయెల్ గానీ ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకోలేదు. ఇద్దరికీ ఇక్కడ ఓటే లేదు.